ఏడు మేకలు, ఒక వయ్యారిభామ

మొదటి రోజు

ఈ రోజు మా సజ్జలగడ్డకు ఏడు మేకలు వచ్చాయి. ఇవి గడ్డి తినవు, పాలివ్వవు, పెంటికలు వేయవు. ఇనుముతో చేసినవి. ఆరు కాళ్ళు, ముందు రెండు చేతులు, మెడ మీద గుండ్రటి గాజు కన్ను. కాగితాల్లో వీటి పేరు కలుపు యంత్రాలు. బండి దిగగానే మా ఊరివాళ్ళు మేకలన్నారు, ఇక ఆ పేరు మారదు.

నా పేరు గంగామణి. మా ఊరి నుంచి విత్తన గేటు దాకా ఉన్న పదకొండు కిలోమీటర్ల దారికి కావలిదాన్ని. దారికి రెండు పక్కలా కలుపు లేకుండా చూడడం నా పని. ఆఫీసుకు పంపే పుస్తకం వేరే ఉంది. అందులో "అంతా బాగుంది" అని రాస్తాను. ఇది నా సొంత పుస్తకం కాబట్టి ఇందులో నిజాలు రాస్తాను.

మేకలకు ఎవరూ జాబితా ఇవ్వరు. జాబితాతో వచ్చిన పాత యంత్రాలు ఊరూరా తులసి మొక్కల్ని పీకి పారేశాక ఆ పద్ధతి మానేశారు. ఇప్పుడివి మొదటి రోజంతా కదలకుండా కూర్చుని జనాన్ని చూస్తాయి. మనం దేన్ని తొక్కుకుంటూ పోతామో, పీకి పారేస్తామో అది కలుపు. దేన్ని తలలో పెట్టుకుంటామో, గడపకు కడతామో, దేవుడి ముందు పెడతామో అది గౌరవం గల మొక్క. ఆ తర్వాత కూడా చూస్తూనే ఉంటాయట, నేర్చుకుంటూనే ఉంటాయట.

కొత్త సామాను ఏది వచ్చినా పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, దండ వేశాకే మా ఊళ్ళో వాడతారు. మేకలకూ అదే మర్యాద జరగాలి కదా. ఏడు దండలు కట్టే పని నాకు అప్పగించారు. బంతిపూలు సగం దండలకే అయిపోయాయి. పొద్దు ఎక్కుతోంది, అందరూ తొందరపెడుతున్నారు. చేతికి ఎలాగూ తొడుగులున్నాయి కదా అని, దారి పక్కన విరగబూసిన తెల్లపూలు తెంపి అన్ని దండల్లోనూ మధ్యమధ్య గుచ్చేశాను. దూరం నుంచి మల్లెల్లా భలే ఉన్నాయి. అంత పరకాయించి ఎవరు చూడొచ్చారు?

మూడో రోజు

కావలి పని మొదలుపెట్టాక మొదటిసారి పగటి నిద్ర పోయాను. లేచేసరికి మూడు కిలోమీటర్ల సర్కారు తుమ్మ మొలకలు వేళ్ళతో సహా మాయం. పులికంప పొదలు మాయం. మేకలు పీకినదంతా మోసుకెళ్ళి గ్యాసు గుంతలో వేస్తున్నాయి. ఆ గ్యాసుతో మా పొయ్యిలు వెలుగుతాయి, ఆ గ్యాసుతోనే మేకలూ నడుస్తాయి. సంతోషం పట్టలేక దారి మధ్యలో నిలబడి ఒక ఈల వేశాను. నలభై నాలుగేళ్ళ మనిషిని, ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారో అని తర్వాత అనిపించింది.

చూడనే చూశాడు మా బావ బుచ్చిలింగం. గ్యాసు గుంత చూసుకునేది అతనే. ఊళ్ళో మిషన్ల మర్మం తెలిసిందీ అతనికే.

"నీ మేకలు పని మంచిగనే జేస్తున్నయి గని, వయ్యారిభామను ముడుతలేవేందే?" అన్నాడు.

"ఆఖరికి పెట్టుకున్నయేమో బావా. నేను గూడ కాకరకాయ ఆఖరికే తింట."

పేరు చూసి వయ్యారిభామను నమ్మకూడదు. నాజూకు ఆకులు, చిన్నచిన్న తెల్లపూలు, గాలికి నడుము ఊపే తీరు, అంతా పై మెరుగు. తాకితే దద్దుర్లు, పీలిస్తే ఆయాసం. ఒక్కో మొక్క వేలకొద్దీ గింజలు రాలుస్తుంది. నా ఆయాసం మందు డబ్బా ఖాళీ అయ్యేది దీనివల్లే.

ఆరో రోజు

ఏదో తేడాగా ఉంది. మూడో నంబరు మేక వయ్యారిభామ మొదట్లో మట్టి గుల్ల చేసి, చుట్టూ చిన్న పాదు కట్టి, కాలువ నుంచి నీళ్ళు తెచ్చి పోస్తోంది. నీళ్ళు పోశాక ఎండ తగలకుండా మొక్క పక్కన అడ్డంగా నిలబడింది. మా అమ్మ కూడా నన్ను అంత ముద్దుగా పెంచలేదు.

నేను పోయి ఆ మొక్కను పీకి పారేశాను. మేక దాన్ని తెచ్చి మళ్ళీ నాటింది. "క్షమించండి, మీ చేతి నుంచి జారిపోయింది" అంది. వీటికి మాటలు నేర్పినవాడెవడో గాని, పాఠం అప్పజెప్పినట్టే మాట్లాడతాయి.

మళ్ళీ పీకాను. "క్షమించండి, మళ్ళీ జారింది." ఇంకోసారి పీకి కాలితో తొక్కాను. "మీ పాదం జాగ్రత్త." నలభై సార్లు ఇదే వరస. నలభయ్యోసారి నాకు నవ్వు ఆగలేదు, దగ్గూ ఆగలేదు. దారి మీద చతికిలబడి రెండూ కలిపి కానిచ్చాను. మేక నాకూ నీడ పట్టింది.

ఏడో రోజు

బావ మూడో నంబరు మేక మెడ తెరిచి, అది మొదటి రోజు చూసిన బొమ్మలన్నీ తెర మీద వేశాడు. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ. ఏడు మెడల్లో ఏడు దండలు. దండల్లో బంతిపూల మధ్య, పెద్దగా, స్పష్టంగా, వయ్యారిభామ పూలు.

"అబ్బో! ఎవరే ఈ దండలు కట్టిన మహాతల్లి?" అన్నాడు బావ.

నేను ఆకాశం వైపు చూశాను. అతను నా వైపు చూసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఊరి జనం దాన్ని తొక్కడం ఒకసారి చూశాయట. ఊరంతా చేతులు జోడించి మెడలో వేయడం ఏడుసార్లు చూశాయట. లెక్క తేలిపోయింది.

నవ్వు సరే, అసలు సంగతి నవ్వులాట కాదు. మా ఊరు బతికేది విత్తనం మీద. మా కొర్ర విత్తనంలో ఇసుమంత కల్తీ ఉండదని నాలుగు జిల్లాల వాళ్ళు కొంటారు. పంట బండ్లు గేటు దాటాలంటే ముందు దారి తనిఖీ జరగాలి. ఒక్క వయ్యారిభామ గింజ కట్టినట్టు కనపడినా గేటు మూడేళ్ళు మూస్తారు. చెలిమెల ఊరికి అట్లాగే మూశారు. మూడేళ్ళకు తెరిచేసరికి కుండల్లో విత్తనం చచ్చిపోయింది, ఊళ్ళో ఆరు ఇళ్ళు మిగిలాయి.

తనిఖీ ఇరవయ్యారో రోజున, పండుగ ఆఖరి రోజైన సద్దుల బతుకమ్మ నాడే. మేకల్ని ఆపే తాళం గేటు ఆఫీసులో ఉంది. అడిగితే ఎందుకంటారు, చెప్తే దారి పాడైందని అప్పుడే గేటు మూస్తారు. పదకొండు కిలోమీటర్లు చేత్తో పీకుదామంటే మనుషులకు దద్దుర్లు, పీకింది మేకలు వెనకే నాటుతాయి. ఆఫీసు పుస్తకంలో "అంతా బాగుంది" అని రాశాను. దండ సంగతి ఊళ్ళో ఎవరికీ చెప్పొద్దని బావ చేత ఒట్టు వేయించుకున్నాను.

తొమ్మిదో రోజు

బావ ఉపాయం చెప్పాడు. గౌరవం చూసి నేర్చుకున్నవి అవమానం చూసి మరిచిపోవాలి కదా. కాబట్టి ఊరంతా కలిసి వయ్యారిభామను తిట్టాలి.

ఊరంతా వచ్చింది. ఇంత సంబరంగా జనం ఏ పనికీ రాగా నేను చూడలేదు. అందరికంటే ముందు సత్తెవ్వత్త. డెబ్బయ్యేళ్ళ మనిషి, ఊరి విత్తనపు కుండలన్నీ ఆమె చేతిలోనే ఉంటాయి. నోరు కూడా ఆ కుండలంత పెద్దది.

"నీ నడుమిరగ! నీ పూలు మాడ! నా దారిల ఏం పని నీకు, సిగ్గులేనిదానా!" అంటూ మొదలుపెట్టి గంటసేపు ఒక్క తిట్టు రెండోసారి వాడకుండా తిట్టింది. పక్కవాళ్ళు చప్పట్లు కొట్టారు. మేకలు ఏడూ వరసగా కూర్చుని శ్రద్ధగా విన్నాయి.

అంతా అయ్యాక మూడో నంబరు వెళ్ళి అదే మొక్కకు రెట్టింపు నీళ్ళు పోసింది.

"అంత తిట్టినంక గూడనా?" అని అరిచాను.

"సత్తెవ్వ గారు తమ మనవణ్ణి ఇంతకంటే ఎక్కువ తిట్టారు. తిట్టిన వెంటనే వెన్న వేసి అన్నం పెట్టారు. ఈ ఊళ్ళో తిట్టు ప్రేమకు గుర్తు అని గ్రహించాను" అంది.

సత్తెవ్వత్త నోట మాట రాకపోవడం ఊరు మొదటిసారి చూసింది.

పన్నెండో రోజు

ఈసారి ఉపాయం నాది. వయ్యారిభామ మొక్కలతోనే ఊరికి దిష్టి తీసి, నాలుగు బాటల కాడ పారేసి, వెనక్కి చూడకుండా రావాలి. అంతకంటే పెద్ద అవమానం ఏ మొక్కకైనా ఉంటుందా?

మేకలు చూసింది వేరు. చేతిలో మొక్క, గుండ్రంగా మూడుసార్లు తిప్పడం, చుట్టూ జనం కదలకుండా నిలబడడం. అచ్చం హారతి లాగే ఉందట. సాయంత్రం నుంచి ప్రతి మొక్క చుట్టూ మూడేసి ప్రదక్షిణలు చేస్తున్నాయి. దారి పొడవునా ఏడు ఇనుప మేకలు గిర్రున తిరుగుతుంటే పొలాల్లోని వాళ్ళు పని మానేసి చూస్తున్నారు. బావ అయితే నేల మీద పడి దొర్లాడు. నాకూ నవ్వొచ్చింది, కాదనను. ఇంటికొచ్చి రోజులు లెక్కపెట్టుకుంటే పద్నాలుగే మిగిలాయి.

పదిహేనో రోజు

పొద్దున్నే తలుపు తీస్తే వాకిట్లో వయ్యారిభామ వరసగా నాటి ఉంది, ముగ్గు వేసినట్టు. ఏడు మేకలూ అవతల నిలబడి ఉన్నాయి. "ఈ పూలతో దండలు కట్టింది మీరేనని గుర్తుంది. ఇది మా కృతజ్ఞత" అంది మూడో నంబరు. గొంతు తగ్గించడం దానికి రాదు, వీధి వీధంతా వినపడింది.

సత్తెవ్వత్త ఎదురింటి అరుగు మీదే ఉంది. లేచి వచ్చింది.

"నువ్వేనా?"

"నేనే అత్తా. పూలు చాలలేదు. తొందరల గుచ్చిన. తప్పయింది."

తిడుతుందని తల వంచుకున్నాను. ఆమె తిట్టలేదు. నా వాకిట్లోని మొక్కల్ని చూసింది, మొగ్గలు తెల్లబడ్డాయి.

"ఎర్రకొర్ర మా అవ్వ ఇచ్చిన ఇత్తు. మూడు కరువులకు కడుపు మాడ్చుకున్నం గని కుండ ముట్టలేదు. గేటు మూస్తే దాన్నేం జెయ్యాల్నో చెప్పు" అని వెళ్ళిపోయింది.

ఆమె నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆయాసం ఎక్కువైంది, మందు పీల్చుకుని ఇది రాస్తున్నాను.

పద్దెనిమిదో రోజు

ఎంగిలిపూల బతుకమ్మ, పండుగ మొదటి రోజు. తంగేడు, గునుగు కోసుకురావడానికి ఆడవాళ్ళు బుట్టలతో బయలుదేరారు. నేనూ వెళ్ళాను, సత్తెవ్వత్త పక్కన నడిచే ధైర్యం లేక వెనక నడిచాను. మేకలు మా వెంట పడ్డాయి. మేం తంగేడు కొమ్మలు విరుస్తుంటే, గునుగును మొదలంటా కోస్తుంటే, మూడో నంబరు గాబరా పడిపోయింది.

"ఈ పూలను మీరు దేవతగా పేరుస్తారని విన్నాను. మరి ఎందుకు కోస్తున్నారు? ఇవి జారిపోయాయా?"

సత్తెవ్వత్త కొడవలి ఆపకుండానే జవాబిచ్చింది. "ఇష్టమున్న పువ్వునే కోస్తం బిడ్డా. చెట్టుకే ఇడిస్తే ఎండి రాలిపోతది. కోసి, పేర్చి, చుట్టు తిరిగి ఆడి, నీళ్ళల్ల సాగదోల్తం. గదే దానికి మర్యాద."

మేక కన్ను చాలాసేపు ఆమె చేతుల మీదే నిలిచింది. నాకు ఉపాయం తట్టింది. బుట్ట కింద పడేసి పరుగెత్తుకెళ్ళి అత్త భుజాలు పట్టుకున్నాను.

"అత్తా! వయ్యారిభామతోని బతుకమ్మ పేరుద్దాం!"

"ఏందే? మతి గిట్ట పోయిందా? పిచ్చిమొక్కతోని గౌరమ్మను పేరుస్తరా?"

"గునుగు ఏంది మరి? ఎవరన్న నాటిండ్రా? జొన్నచేన్ల మొలిస్తె కలుపని మనమే పీకుతం గద! తంగేడుకు ఎవరన్న ఎరువేసిండ్రా? వీటికి అవమానం ఎంత జేసినా ఎక్కుతలేదు. మర్యాద జేసే పీకిపిద్దాం!"

ఆడవాళ్ళంతా ఆగిపోయి చూస్తున్నారు. అత్త చేతిలోని గునుగును అటూ ఇటూ తిప్పింది. మెల్లగా పెదవి కొస వంకర తిరిగింది.

"నా తంగేడు పక్కన మాత్రం పెట్టనియ్య. దానికి వేరేగ పేర్చుకో" అంది. తర్వాత మేక వైపు తిరిగి గట్టిగా, "ఇనుండ్రి బిడ్డా! ఆ తెల్లపువ్వుకు సద్దుల నాటికి పెద్ద బతుకమ్మ పేరుస్తున్నం. పదకొండు కిలోమీటర్లది కావాలె. వేరుతోని సహా. ఒక్కటి మిగిలినా దానికి చిన్నతనం!" అంది.

ఏడు మేకలూ ఒక్కసారి లేచాయి.

ఇరవై మూడో రోజు

రాయడానికి తీరిక లేదు. మేకలు పరుగెడుతున్నాయి, నిజంగా పరుగెడుతున్నాయి. వేరు తెగితే తవ్వి మరీ తీస్తున్నాయి. రాయి కింద దాక్కున్న వేలెడు మొలకను కూడా "మీరూ రండి" అని పిలిచి మరీ పీకుతున్నాయి. నా వాకిట్లోని వరసను తీసుకెళ్తూ ఐదో నంబరు నా అనుమతి అడిగింది. ధారాళంగా ఇచ్చాను. గింజ ఇంకా పాలు పోసుకోలేదు, నల్లబడక ముందే అందుకున్నాం.

గ్యాసు గుంత ఒడ్డున పోగు పెరుగుతోంది. మేకలు పక్కింటి అత్తల బతుకమ్మల్ని చూసి వరసలు తప్పకుండా గుండ్రంగా పేరుస్తున్నాయి. బావ నిచ్చెన తెచ్చి కొలిచి, ఇంటి కప్పు దాటిందని కేక వేశాడు. ఆయాసం ఉన్నవాళ్ళు గాలికి ఎదురు నిలబడకూడదని ఊళ్ళో దండోరా వేయించాను. నేను మూతికి రెండు గుడ్డలు కట్టుకుని తిరుగుతున్నాను. ఇంత సంతోషంగా నేనెప్పుడూ దగ్గలేదు.

ఇరవయ్యారో రోజు

తనిఖీ మేడం తహసీనా బేగం పొద్దున్నే గేటు దగ్గర బండి దిగి, పదకొండు కిలోమీటర్లూ నడిచి వచ్చారు. భూతద్దంతో వంగి వంగి చూశారు. ఒక్క వయ్యారిభామ దొరకలేదు. ఊరి దగ్గరికొచ్చి గ్యాసు గుంత ఒడ్డున తల ఎత్తి చూశారు. రెండంతస్తుల ఎత్తున తెల్లటి బతుకమ్మ, దాని చుట్టూ ఊరి ఆడవాళ్ళు, ఆడవాళ్ళ మధ్యమధ్య ఏడు ఇనుప మేకలు. అందరూ వంగి చప్పట్లు కొడుతూ తిరుగుతున్నారు. మేకల చప్పట్లకు చెవులు గింగుర్లెత్తుతున్నాయి.

"ఇదేం తమాషా అమ్మా?" అన్నారు.

ఇక దాచి లాభం లేదు. దండ దగ్గర్నుంచి అంతా చెప్పేశాను. ఆమె నవ్వును కొంగుతో అదుముకున్నారు. తర్వాత ముఖం గట్టిగా పెట్టారు.

"దారి శుభ్రంగుంది, ఒప్పుకుంట. కని ఈ మేకలు దాన్ని ఇంకా పూజిస్తున్నయి కదా? అవి వచ్చే ఏడు మళ్ళ నాటవని ఏం నమ్మకం? ఆ నమ్మకం లేకుండ నేను సంతకం పెట్టలేను."

అప్పుడే సాగనంపే వేళ అయింది. బతుకమ్మను చెరువులో వేస్తే నీళ్ళ వెంట పోయి ఎక్కడెక్కడో మొలుస్తుంది. అందుకని గ్యాసు గుంత మూత తెరిపించాం, అందులోనూ నీళ్ళే కదా అని అత్తను ఒప్పించాం. మేకలు ఏడూ పోగును నెట్టడానికి చేతులు ఆనించి, ఆఖరి మాట కోసం సత్తెవ్వత్త వైపు చూశాయి.

ఆ ఆఖరి మాట ఏమిటో నాకప్పుడు గుర్తొచ్చింది. ఏ బతుకమ్మనైనా మేం "పోయి రా తల్లీ" అనే పంపుతాం. మా దగ్గర గడప దాటే మనిషిని ఎవరూ "పో" అనరు, "పోయి రా" అంటారు. సత్తెవ్వత్త అయితే ఆమె పెనిమిటి పాడె లేచినప్పుడు కూడా "పోయి రా" అన్న మనిషి. ఇప్పుడా మాట అంటే మేకలు వింటాయి. విన్నాయంటే వచ్చే ఏడు వయ్యారిభామను దగ్గరుండి పిలుచుకొస్తాయి.

అత్త చేతులు జోడించింది. "పోయి..." అంది. నేను, బావ, ఇంకో పదిమంది ఒక్కసారి "అత్తా!" అని అరిచాం. ఆమె ఆగింది. మా అందరినీ చూసింది, గాజు కళ్ళను చూసింది. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏందే, నా నోటితోని అనిపిస్తున్నరా?" అంది నాతో, మెల్లగా. తర్వాత తెల్లటి బతుకమ్మ మీద చెయ్యి వేసింది. "మంచిగ చూసుకున్నం నిన్ను. చుట్టు తిరిగి ఆడినం. ఏ లోటు జెయ్యలేదు. ఇగ పో తల్లీ. మళ్ల రాకు."

ఆ మాట అని ముసలామె కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. మేమంతా నవ్వాలో ఏడ్వాలో తెలియక రెండూ చేశాం. మేకలు నెట్టాయి. రెండంతస్తుల తెల్లదనం బురబురమంటూ గుంతలో మునిగిపోయింది.

తహసీనా మేడం తన పెట్టెలోంచి ఒక గాజు సీసా తీశారు. అందులో ఎక్కడో వేరే దారిలో దొరికిన వయ్యారిభామ మొలక ఉంది, వేళ్ళతో సహా, పచ్చగా. దాన్ని మూడో నంబరు చేతిలో పెట్టి, "దీన్ని ఏం జేస్తవ్?" అని అడిగారు.

మేక దాన్ని కంటి దగ్గరికి తెచ్చుకుని చూసింది. నేను ఊపిరి బిగబట్టాను, నా ఊపిరితో అది ప్రమాదమని తెలిసీ. మేక మెల్లగా వంగి, మొలకను జాగ్రత్తగా గుంతలోకి జారవిడిచింది. తిరిగి లేచి నిలబడి మేడంతో అంది:

"అమ్మ రావద్దన్నారు."

మేడం అక్కడే నా వీపు మీద కాగితం పెట్టి సంతకం చేశారు. పొద్దు గూకేసరికి గేటు లేచింది. ముందు బండిలో ఎర్రకొర్ర కుండల మధ్య సత్తెవ్వత్త కూర్చుంది, గేటు దాటేదాకా నన్ను తిడుతూనే ఉంది.